ఆరు నీలి అంగీలు

రంజాన్ ఆఖరి అష్రా. సహ్రీ అయిపోయి, ఫజర్ నమాజ్ చదువుకొని, ఓ కునుకు తీద్దామని ఒరిగిన. అంతల్నే మా బేటీ వచ్చి నా బీరువ తలుపు తీసింది. ఈద్‌కు అబ్బాకు ఏం కొనాల్నో చూస్తదట. ఒక్కొక్క అంగీ జరుపుకుంట "ఏక్, దో, తీన్" అని లెక్కబెట్టింది. ఆరు కాడ ఆగింది.

"అబ్బా, యే క్యా హై? ఛే కే ఛే నీలే! యూనిఫామ్ హై క్యా?"

లేచి కూసొని నేను గూడ చూసిన. నిజమే. ఆరు అంగీలు, ఆరూ లేత నీలం. పక్కన నాలుగు ప్యాంట్లు: రెండు నల్లయి, రెండు బూడిద రంగువి. ఓ మూలకు జుమ్మాలకు, ఈద్‌లకు రెండు తెల్ల కుర్తా పైజామాలు. ఇరవై ఏండ్ల నౌకరీల నేను జమ చేసిన లిబాస్ మొత్తం గంతే.

బేగం వంటింట్లకెంచే జవాబిచ్చింది. "మీ అబ్బా ఇంక ఇస్కూల్ నుంచి బయటికి రాలే బేటా. అప్పుడు నీలి అంగీనే, ఇప్పుడు నీలి అంగీనే."

ముగ్గురం నవ్వుకున్నం. "నీలం నాకు ఇష్టం" అన్న నేను. అది ఝూట్. రోజా ఉండి ఝూట్ చెప్పిన. మళ్ల కన్ను అంటుకోలే.

నేను పుట్టి పెరిగింది ఆదిలాబాద్ల. అబ్బా ఒక జిన్నింగ్ మిల్లుల మున్షీ. దసరా దాటిందంటే మార్కెట్ యార్డు ముంగట పత్తి బండ్లు బారులు తీరేటివి. అబ్బా ఇంటికొస్తే కనుబొమ్మల మీద, చెవుల వెంట్రుకల మీద దూది నూగు ఉంటుండె. అమ్మీ గుమ్మం కాడనే నిలబెట్టి దస్తీతోని దులిపేది. చలికాలం వస్తే పింజారీ చాచా ధునకీ భుజాన వేసుకొని గల్లీకొచ్చేటోడు. పాత రజాయీల దూది బయటికి తీసి ఏకుతుంటే ఆ తీగె మోత మూడిండ్ల అవుతలికి వినబడేది. ఆయన మాతోని ఉర్దూల మాట్లాడేటోడు, ఇంట్ల తెలుగే. రెండు జబాన్లు ఒకే నోట్లె ఉండొచ్చని నేను మొదలు చూసింది ఆయన కాడనే.

అంత పత్తి నడుమ పెరిగినోళ్లం, తొడిగింది మాత్రం టెర్రికాటన్. చినగదు, ముడుసుకపోదు, ఇస్త్రీ అక్కెర లేదు. మా ఊరి పత్తి గింజ తీసి, బేళ్లు కట్టి, ఎక్కడెక్కడి మిల్లులకో లారీలెక్కి పోయేది. మాకు పాలిస్టర్ కలిసిన గుడ్డ దుకాన్ల నుంచి వచ్చేది. ఈద్‌కు అబ్బా ఒకటే థాన్ల నుంచి చింపిచ్చుకొచ్చేటోడు. నలుగురు అన్నదమ్ములకు ఒకటే గుడ్డ, ఒకటే తీరు. పెద్దోనికి పొట్టిగైతే చిన్నోనికి దిగాలె గదా. ఈద్‌గాకు వరుసగ నడుస్తుంటే "బ్యాండ్ పార్టీ ఆ గయీ" అని నవ్వేటోళ్లు.

ఇంట్ల మెరిసే బట్ట ఒక్కటే ఉండె. అబ్బా నికాహ్ నాటి అంగీ. మా మామూ కాగజ్‌నగర్ సర్‌సిల్క్ మిల్లుల పని చేసేటోడు. నిజాం జమానాల పుట్టి తర్వాత బిర్లాల చేతికి పోయిన మిల్లు అది. నకిలీ పట్టు తీసేది. అసలు పట్టు మర్దులు తొడగొద్దు. నకిలీదానికి ఆ పాబందీ లేదు. అందుకే మామూ తెచ్చిన ఆ గుడ్డను అబ్బా ఖుషీగ కుట్టిచ్చుకున్నడట. ఎనభైల నడుమ మిల్లు మూతపడ్డది. మామూ ఊరిడిసి పోయిండు. అంగీ మాత్రం అమ్మీ సందూక్‌ల మిగిలింది.

పదో తరగతి దాంక ఉర్దూ మీడియం. ఎందుకో తెలుగు మీద మనసు పడ్డది. డిగ్రీల తెలుగు తీసుకొని కరీంనగర్ వచ్చిన. మొదటి రోజు అమ్మీ ఉతికి ఇస్త్రీ చేసిచ్చిన తెల్ల కుర్తా తొడుక్కొని క్లాసుకు పోయిన. వెనుక బెంచీ నుంచి ఓ పోరడు అన్నడు: "సాయిబూ, ఉర్దూ క్లాసు పక్క రూమ్ల." దుష్మనీ ఏం లేదు, మజాక్‌కే అన్నడు. మూన్నెల్ల తర్వాత ఉత్పలమాలకు గణాలు విడదీసి బోర్డు మీద రాస్తే, అదే పోరడు నా నోట్సు అడిగి తీసుకున్నడు. ఇప్పటికీ దోస్తే. కాని ఆ మూన్నెల్ల లోపట్నే నేను టవర్ సర్కిల్ కాడ ఒక నీలి అంగీ కొనుక్కున్న.

అసలు సంగతి తర్వాత జరిగింది. 2008 అక్టోబర్ల భైంసాల అల్లర్లయినయ్. దగ్గర్ల వటోలి ఊర్ల ఒకే కుటుంబాన్ని, పిల్లలతోని సహా ఆరుగురిని, ఇంట్లనే కాల్చి చంపిన్రు. నేనప్పుడు పేపర్ల కొత్త. రిపోర్టింగ్‌కు పోవాలె. పొద్దున్నే అమ్మీ ఫోన్.

"కుర్తా మత్ పెహెన్ బేటా. నీలీ కమీజ్ పెహెన్ కే జా. కోయీ నై పూఛ్‌తే."

నీలి అంగీ తొడుక్కొని పోయిన. దారిల ఆపిన్రు, మొఖం చూసిన్రు, సంచి చూసిన్రు, పొమ్మన్నరు. పేరు అడగలే. ఆ అంగీ నన్ను కాపాడిందని కసమ్ తిని చెప్పలేను. కాపాడిందని అనుకున్న. ఆ నాటి సంది బీరువల నీలం పెరుగుకుంట వచ్చింది.

కొన్నేండ్లకు ఒక మీటింగ్ల ఓ పెద్దాఫీసర్ నా పేరు విని అబ్బురపడ్డడు. "అరె, మీరు ముస్లిమా? అట్ల కనిపించరే! తెలుగు గూడ ఎంత మంచిగ మాట్లాడుతున్నరు!" తారీఫ్ చేసిన అనుకున్నడు పాపం. నేను గూడ తారీఫే అనుకొని షుక్రియా చెప్పిన. రాత్రి తినుకుంట బేగంకు చెప్పిన. ఆమె పెనం మీద రొట్టె తిప్పుకుంటనే అడిగింది: "కనిపిస్తే ఏమైతది?"

జవాబు లేదు నా కాడ. నేను సాదగీ అనుకున్నది సాదగీ కాదు, డర్. సాదగీ మనం పసంద్ చేసుకునేది. డర్ మనల్ని పసంద్ చేసుకుంటది. రెండూ తొడుక్కుంటే ఒకే తీరు కనిపిస్తయ్, దూరం నుంచి ఎవ్వరూ ఫరక్ పట్టలేరు. తొడుక్కున్నోనికి తెలుస్తది. తెలిసి గూడ పదేండ్లు అట్లనే గడిపిన.

ఆ రోజు ఇఫ్తార్ అయినంక ఇదంత బేటీకి చెప్పిన. ఖజూర్ గింజ చేతిల పట్టుకొని విన్నది. లొల్లి చెయ్యలే, తక్రీర్ చెయ్యలే. "తో ఫిర్ నీలం వద్దనను అబ్బా. నీలమే ఉండనీ, మంచి నీలం తెద్దాం" అన్నది. మూడు షర్తులు పెట్టింది. తళతళలాడేది ఏదీ కొనొద్దు, నాకు నప్పదు. ఒకటి లోపటికొస్తే ఒకటి బయటికి పోవాలె. కొత్తగ వచ్చే ఏ బట్టయినా బీరువల ఉన్న వేరేవాటన్నిటి మీద కలవాలె. "సాదా బట్టలే ఉంటయ్, కాని ఒక్కొక్కదాంట్ల ఒక్క బాత్ ఉండాలె" అన్నది.

ఆఖరి అష్రాల ఏ దర్జీ కొత్త గుడ్డ ముట్టుకోడు. ఆ ఈద్ పాత తెల్ల కుర్తాతోనే గడిచింది. ఈద్‌కు ఆదిలాబాద్ పోయినం. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే గాలి మారుతది, నాకు ఇప్పటికీ చిన్నప్పటి వాసన వస్తది. పత్తి ఏరుడు ఎప్పుడో అయిపోయి చేన్లల్ల ఎండుకట్టె మిగిలింది.

బాసీ ఈద్ రోజు బేటీ వాళ్ల దాదీని పట్టుకొని సందూక్ తెరిపిచ్చింది. కలరా ఉండల వాసన గుప్పుమన్నది. అబ్బా సర్‌సిల్క్ అంగీ, అమ్మీ ఖడా దుపట్టా, వాటి అడుగున దాదా షేర్వానీ. జామునీ రంగు మీద సన్నటి పూలతీగెలు. హిమ్రూ. దాదా తన నికాహ్‌కు ఔరంగాబాద్ పోయి తెచ్చుకున్నడట. అప్పుడు ఔరంగాబాద్, ఆదిలాబాద్ ఒకే రియాసత్. హిమ్రూల నూలు, పట్టు కలిపి నేస్తరు. మడతలు పడ్డ కాడ గుడ్డ పగిలిపోయింది, భుజాల మీద ఎలిసిపోయింది.

హిమ్రూకు మష్రూ అని ఓ చుట్టం ఉన్నది. మష్రూ అంటే షరీయత్ ఇజాజత్ ఇచ్చినది అని. బయటికి పట్టు మెరుస్తది, ఒంటికి తగిలే వైపు నూలు ఉంటది. పట్టు తొడగొద్దన్న హుకుంను దాటకుంట, అందం గూడ ఇడువకుంట నేతగాళ్లు తీసిన రాస్తా అది. మన బుజుర్గులు సాదాగ ఉండాలంటే బేరంగ్‌గ ఉండాలని అనుకోలేదనేదానికి ఇంతకంటె గవాహీ ఏం కావాలె?

"దాదీ, దీంట్లకెంచి అబ్బాకు సద్రీ కుట్టిద్దామా?" అన్నది బేటీ. నేనే అడ్డం పడ్డ. "వద్దమ్మా, ఇస్రాఫ్. ఈ ఉమర్ల నాకెందుకు షోకులు?"

అమ్మీ నా దిక్కు చూసింది. ఆమె ఏం చదువుకోలే, బయాన్లు విని విని యాద్ పెట్టుకున్నది. ఒక సహాబీ అడిగిండట, మనిషికి తన బట్టలు, చెప్పులు మంచిగుండాలని ఉంటే అది తకబ్బుర్ అయితదా అని. కాదన్నరట హుజూర్. అల్లాకు జమాల్ ఇష్టమన్నరట. తకబ్బుర్ అంటే హక్‌ను కాదనుడు, మనుషుల్ని తక్కువ చేసి చూసుడు. ఇంత చెప్పి అమ్మీ షేర్వానీని మడతబెట్టి నా బేటీ ఒళ్లె పెట్టింది. "లే జా. పడే పడే కీడే ఖా రహే" అన్నది. నాకు కుర్తా తొడుక్కోవద్దన్న అమ్మీ ఆమెనే. ఆ మాట ఆమెకు యాద్ ఉన్నదో లేదో నేను అడగలే.

కరీంనగర్ వాపస్ వచ్చినంక ఓ ఇత్వార్ సిరిసిల్ల పోయినం. నలభై కిలోమీటర్లు. 2016 దాంక మా జిల్లానే. గల్లీల నిలబడితే పవర్‌లూమ్ల టకటక తప్ప ఇంకో చప్పుడు వినరాదు. అగ్గిపెట్టెల పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఈ ఊరోడే. 2017 నుంచి కొన్నేండ్లు సర్కారు బతుకమ్మ చీరలు ఇక్కడ్నే నేయిచ్చింది. కాని ఇక్కడ ఎక్కువ నడిచేది పాలిస్టర్. కాటన్ అంటే లంగా గుడ్డ. చెయ్యి మగ్గం ఇంక ఇడువనోళ్లు కొద్దిమంది ముసలోళ్లే. ఆదిలాబాద్ల పత్తి, సిరిసిల్లల మగ్గం. ఒకే ఉత్తర తెలంగాణ. ఆ పత్తి ఈ మగ్గం దాంక వచ్చే తొవ్వ మాత్రం ఎవ్వరూ సక్కగ వెయ్యలే.

చేనేత గుడ్డ అమ్మే ఒక చిన్న దుకాన్ల ఓ పెద్దమనిషి కూసున్నడు. నేను అలవాటు కొద్దీ లేత నీలం థాన్ మీద చెయ్యి పెట్టిన. ఆయన అది పక్కకు జరిపి ఇంకోటి తీసిండు. అది గూడ నీలమే. కాని దగ్గర్నుంచి చూస్తే లోపల ఏదో కదులుతున్నట్టున్నది. "చూడు తమ్మీ, పడుగు నీలం, పేక తెలుపు. ఎండల ఒక తీరు, నీడల ఒక తీరు కనిపిస్తది. నువ్వు చెయ్యి పెట్టినదానికి నేసినంక రంగేసిన్రు. అది ఎటు చూసినా ఒకటే."

నా బేటీ నా దిక్కు చూసి నవ్వింది. అది అడిగిన ఒక్క బాత్ గదే.

ఆయన కాడ ఇంకో రెండు ముచ్చట్లు నేర్చుకున్నం. మీకు పనికొస్తయని రాస్తున్న. గుడ్డ అంచుల నుంచి ఒక పోగు గుంజి అగ్గిపుల్లతోని ముట్టియ్యాలె. కాయితం కాలిన వాసనొచ్చి, నలిపితే బూడిదయితే నూలు. కరిగి గట్టి ఉండ లెక్క అయితే పాలిస్టర్. రెండోది, చేనేత నూలును కుట్టకముందే రాత్రంత నీళ్లల్ల నానబెట్టి, నీడకు ఆరేయాలె. లేకుంటే మొదటి ఉతుకుకే ఆస్తీన్లు మోచేతికి ఎక్కుతయ్. రెండు అంగీలకు ఆ నీలం, ఒక అంగీకి బాదామీ రంగు, ఒక కుర్తాకు కోరా గుడ్డ తెచ్చుకున్నం. కోరా అంటే తెలుపు చెయ్యని నూలు. అక్కడక్కడ పత్తి గింజ పొట్టు సన్నటి చుక్కల లెక్క కనిపిస్తది. దాన్ని చూస్తే అబ్బా కనుబొమ్మలు యాదికొచ్చినయ్.

మా గల్లీ మూలకు మాస్టర్‌సాబ్ దుకాన్. పదిహేనేండ్ల నుంచి రెడీమేడ్ సంచి పట్టుకొని ఆయన ముంగటికెంచే పోతున్న నేను. గుడ్డతోని లోపటికి పోయే వరకు అద్దాలు ముక్కు మీదికి జరిపి చూసిండు.

"ఆజ్ రస్తా భూల్ గయే క్యా మియా?"

తల దించుకొని కూసున్న. ఆయన గుడ్డ ఇప్పి, చేతితోని నిమిరి, ఖుష్ అయిండు. "ప్లెయిన్ కుట్టున్రి" అన్న నేను. "ప్లెయిన్ అంటే?" అన్నడు. "గలా ఎట్ల? ఆస్తీన్ ఎట్ల? దామన్ సీదానా, గోలా? చాక్ ఎంత?" ఒక్కదానికి గూడ నాకు జవాబు తెల్వదు. ఇరవై ఏండ్లు అంగీలు తొడిగిన, ఒక్క అంగీని చూడలే.

ఆయన ఒక ముచ్చట చెప్పిండు. 2015 నుంచి కొన్నేండ్లు సర్కారు గరీబ్ ముస్లింలకు రంజాన్ తోఫా అని బట్టలిచ్చింది గదా. ఒక ఏడు గల్లీ పోరగాళ్లు ఒకే తీరు కుర్తా గుడ్డలు పట్టుకొని వచ్చిన్రట. ఈద్‌గాల అందరూ ఒకే గుడ్డల నిలబడితే ఎవనిది తోఫా గుడ్డనో అందరికీ తెలుస్తది. పోరగాళ్లకు షరమ్. మాస్టర్‌సాబ్ ఒకనికి బంద్ గలా పెట్టిండు, ఒకనికి గోల్ గలా. ఒకనికి లక్డీ గుండీలు, ఒకనికి గుడ్డతోనే ముడిచిన ఘుండీ. ఒకనికి ఆస్తీన్ అంచుకు బఖియా రెండు వరుసలు. "కప్డా ఏక్, గలే దస్. కోయీ నై పహెచానా" అన్నడు. దానికి కూలి ఎక్కువ తీసుకోలేదట.

నేను, నా అన్నదమ్ములు ఒకే థాన్ గుడ్డల ఈద్‌గాకు నడిచింది యాదికొచ్చింది. మా గల్లీల ఇసొంటి మాస్టర్ ఒక్కడుంటే మమ్మల్ని బ్యాండ్ పార్టీ అనకపోదురు.

ఆయన నాప్ తీసుకుంట మాట్లాడుతుంటే నాలోపలి తెలుగు స్టూడెంట్ లేచి కూసున్నడు. మన జబాన్ల నసీహత్ సగం దర్జీ దుకాన్ నుంచే వచ్చింది. తప్పు ఎవరిదో చూసే ముందు తన గిరేబాన్ల తొంగి చూసుకోమంటం. అడుక్కుంటే దామన్ పట్టుడు, నమ్మి చేరదీస్తే ఆస్తీన్ల పాము. తెలుగోళ్లు రోజూ చెయ్యి పెట్టే జేబు, మొఖం తుడుచుకునే రుమాలు, తొడిగే పైజామా, కుట్టే దర్జీ, సన్మానంల కప్పే శాలువా, అన్నీ ఇటు నుంచి పోయినయే. జేబు మాట అరబ్బీది. అక్కడ జైబ్ అంటే మొదలు గలా కాడి చీలికనే, మన గిరేబాన్. అది తిరిగి తిరిగి వచ్చి తెలుగోని అంగీకి జేబు అయి కూసున్నది. 'అట్ల కనిపించరే' అన్న ఆఫీసర్ సాబ్ ఆ రోజు జేబుల నుంచే పెన్ను తీసిండు. ఆ మాట అప్పుడు తట్టలే నాకు.

రంగుల పేర్లు గూడ అంతే. షోరూమ్ల 'గ్రే' అనేది మాస్టర్‌సాబ్ నోట్లె సుర్మయీ. 'బ్రౌన్' అనేది కత్తయి. మబ్బు కమ్మిన నీలాన్ని ఆయన ఒకటంటడు, ఉతికి ఎలిసిన నీలాన్ని ఇంకోటంటడు. పేరు తెలిస్తే కన్ను ఫరక్ పడుతది. నాకు ఆరు అంగీలు ఒకే తీరు కనిపించుడానికి సగం కారణం, నా కాడ నీలానికి ఒక్క పేరే ఉండుడు.

దాదా షేర్వానీని చూసి మాస్టర్‌సాబ్ తల అడ్డం తిప్పిండు. "సద్రీ కాదు మియా. సూది పెడితే పగిలిపోతది. భుజం బరువు మొయ్యదు." బేటీ మొఖం చిన్నగైంది. ఆయన ఓ ఘడియ సోంచాయించిండు. వెనుక కలీల కాడ, మడత పడని చోట, రెండు బెత్తల గుడ్డ ఇంక గట్టిగ ఉన్నది. "దీన్ని బంద్ గలాకు లోపలి పట్టీ వేస్త. బయటికి కనిపించది. తొడుక్కునేటోనికే తెలుస్తది."

నాకు షక్ వచ్చింది. మష్రూల పట్టు బయటికి ఉంటది, ఒంటికి నూలు తగులుతది. ఇది ఉల్టా అయితది గదా. అస్ర్ నమాజ్ తర్వాత ఇమామ్‌సాబ్‌ను అడిగిన. ఆయన నవ్విండు. ఇది ఖాలిస్ పట్టు గూడ కాదు, నూలు కలిసింది. అయినా అంచులకు, పట్టీలకు రెండు వేళ్లు, మూడు వేళ్లు, నాలుగు వేళ్ల వెడల్పు దాంక హదీస్ల ఇజాజత్ ఉన్నదన్నడు. మాస్టర్‌సాబ్‌కు ఆ మాట చెప్తే, "ముఝే మాలూమ్" అని, టేప్ పక్కకు పెట్టి, తన వేళ్లు గుడ్డ మీద ఆనిచ్చి చాక్‌పీసుతోని గీసిండు. నాలుగు దాంక పోలే. రెండు వేళ్ల కాడనే ఆపిండు.

పదిహేను రోజులకు బట్టలొచ్చినయ్. పడుగు నీలం, పేక తెలుపు అంగీ బంద్ గలాది, లోపట జామునీ పట్టీ. అదే గుడ్డతోని మామూలు కాలర్‌ది ఇంకొకటి. బాదామీ అంగీ, లక్డీ గుండీలు. ప్యాంటు మీదికి తొడిగేటట్టు మోకాలుకు పైన ఆగే కోరా కుర్తా, పక్కలకు జేబులు. ఇవిగాక ఇంట్ల పడున్న ఉన్ని గుడ్డతోని సుర్మయీ సద్రీ. ఆ సద్రీ ఏ అంగీ మీదైనా కలుస్తది, కుర్తా మీద గూడ కలుస్తది. నాలుగు బట్టలకు సద్రీ జతైతే, ప్యాంట్లు మార్చుకుంట పోతే, రెండు వారాలు తొడిగింది తొడగకుంట గడుపొచ్చని బేటీ హిసాబ్ చేసి చూపెట్టింది. ఖర్చు రెడీమేడ్ కంటె కొంచెం ఎక్కువే అయింది. కాని ఆ పైసలు నేత కాడికి, దర్జీ కాడికి, మన కండ్ల ముంగటనే పోయినయ్.

పాత ఆరు అంగీలల్ల ఎలిసిపోయిన రెండింటిని ఖైరాత్ ఇద్దామంటే బేటీ ఒప్పుకోలే. "నువ్వు తొడగలేనిది ఇంకొకలకు ఎట్ల ఇస్తవ్?" అన్నది. అవి తుడిచే గుడ్డలయినయ్. గట్టిగున్న రెండింటికి గుండీలు సక్కజేసి, ఇస్త్రీ చేసి ఇచ్చినం. రెండు నేనే ఉంచుకున్న.

మొదటి రోజు, సోమవారం, కలెక్టరేట్ల ప్రెస్‌మీట్. బంద్ గలా అంగీ, పైన సద్రీ. అద్దం ముంగట నిలబడితే అబ్బా కనిపించిండు. రెండుసార్లు సద్రీ ఇప్పిన, రెండుసార్లు తొడిగిన. బేగం గడియారం దిక్కు చూసిందే గాని నన్ను ఏమనలే. హాల్ల అడుగు పెట్టంగనే ఒక సీనియర్ అడిగిండు: "ఏం భాయ్, ఇయ్యాల మీ పండుగా?"

"కాదన్నా, సోమవారం" అన్న.

అందరూ నవ్విన్రు, నేను గూడ నవ్విన. మీటింగ్ అయినంక కొత్తగ వచ్చిన ఓ తమ్ముడు దగ్గరికొచ్చి గుడ్డ పట్టుకొని చూసిండు. "అన్నా, యాడ కుట్టిచ్చినవ్? నాకూ కావాలె." మాస్టర్‌సాబ్ దుకాన్ తొవ్వ చెప్పిన. పోయిన వారం పోయి నాప్ ఇచ్చొచ్చిండట.

ఇదంత చదివి, డర్ పోయింది, కథ అయిపోయిందనుకోకున్రి. అందరికీ ఇట్లనే జరుగుతదని నేను చెప్పను. మన పిల్లలు ఏ ఊర్ల, ఏ బస్సుల, ఏం తొడుక్కొని పోవాల్నో తల్లులు ఇంక సోంచాయిస్తనే ఉన్నరు. అది బేవకూఫీ కాదు. నాది కరీంనగర్ల ఒక సోమవారం, గంతే. కాని ఆ రోజు మెడ తిప్పినప్పుడల్ల లోపలి పట్టీ మెల్లగ తగిలేది. ఎవ్వరికీ కనిపియ్యది. నా దాదా నికాహ్ నాటి గుడ్డ. నేను దాచిపెట్టుకున్నది ఇన్నేండ్లకు నాకే ముద్దొచ్చింది.

బక్రీద్‌కు మళ్ల ఆదిలాబాద్ పోయిన, ఆ అంగీతోనే. అమ్మీ కాలర్ ఇప్పి, జామునీ పూల మీద వేలుతోని నిమిరి, చాలాసేపు ఏమనలే. "అచ్ఛా హై" అన్నది ఆఖరుకు.

వాపస్ వచ్చే రోజు పొద్దుగాల నా సంచి తనే సర్దింది. కుర్బానీ గోష్ డబ్బా, అచార్ సీసా, మా బేగంకు ఓ ఓఢ్నీ. బస్సెక్కినంక నీళ్ల కోసం సంచి తెరిచిన. అన్నిటి మీద, మంచిగ మడతబెట్టి, లేత నీలి అంగీ ఒకటి ఉన్నది. నాది కాదు, కొత్తది. నాకు చెప్పకుంట కొనుక్కొచ్చి పెట్టింది. ఫోన్ చేసిన.

"రఖ్ లే బేటా" అన్నది. "రస్తే మే కామ్ ఆతీ."

బస్సు మహబూబ్ ఘాట్ దిగుతుంటే సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్న. బంద్ గలా అంగీ ఒంటి మీద ఉన్నది, నీలి అంగీ సంచిల పైననే ఉన్నది. కిందికి జరుపబుద్ధి కాలే.